పాత కారు ఏసీ: గ్యాసు ఎక్కడికి పోయింది?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో కవితలు, ఆటల పోటీల ఫలితాలు, వార్డెన్ గారి సందేశం ఎలాగూ ఉంటాయి. "మీరు చేసే పని గురించి రాయండన్నా, పదో తరగతి పిల్లలు చదువుతారు" అని సంచిక కమిటీ తమ్ముళ్ళు అడిగారు. మేము ఇద్దరం ఈ హాస్టల్లో ఒకే గదిలో పక్కపక్కన ట్రంకు పెట్టెలు పెట్టుకుని అయిదేళ్ళు ఉన్నవాళ్ళం. 2001లో పదో తరగతి పూర్తి చేసి, ఐ.టి.ఐ.లో మెకానిక్ రిఫ్రిజిరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్ ట్రేడ్‌లో చేరాం. రెండేళ్ళ కోర్సు. తర్వాత విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గర మూడేళ్ళు పని నేర్చుకుని, 2006లో సొంతంగా చిన్న షెడ్డు వేసుకున్నాం. అప్పటి నుంచి కార్ల ఏసీలే మా బతుకుతెరువు. కథలు రాయడం మాకు రాదు. పాత కారు ఏసీ ఎందుకు పాడవుతుందో, దాన్ని ఎలా బాగు చేయాలో మాత్రం చెప్పగలం.

వేసవి మొదలు కాగానే మా షెడ్డుకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అనే మాట ఒకటే. "గ్యాసు అయిపోయిందండీ, కొట్టండి." ఈ మాటలోనే తప్పుంది. గ్యాసు పెట్రోలు కాదు. అది కాలదు, ఖర్చవదు. పైపుల్లో, డబ్బాల్లో చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. పదేళ్ళయినా అదే గ్యాసు తిరగాలి. పాత కార్లలో రబ్బరు పైపుల గుండా ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా తగ్గే మాట నిజమే. కానీ పోయిన వేసవిలో నింపిన గ్యాసు ఈ వేసవికి లేదంటే ఎక్కడో చిల్లు ఉన్నట్టే. ఆ చిల్లు వెతకకుండా మళ్ళీ గ్యాసు కొట్టడమంటే పంక్చరైన సైకిలు ట్యూబుకు పొద్దునా సాయంత్రం గాలి కొట్టడం లాంటిది. మన హాస్టల్ సైకిలుకు అలా ఎన్నిసార్లు కొట్టామో పాతవాళ్ళకు గుర్తుండే ఉంటుంది.

ముందు ఏసీ ఎలా పని చేస్తుందో చెప్పుకోవాలి. హాస్టల్‌కు డాక్టర్లు వచ్చి సూది వేసేముందు చేతికి స్పిరిట్ రాసేవారు, గుర్తుందా? రాయగానే చల్లగా ఉండేది. స్పిరిట్ ఆవిరైపోతూ మన చర్మంలోని వేడిని తీసుకుపోయేది. వరండాలోని మట్టికుండలో నీళ్ళు చల్లబడేదీ అందుకే. ద్రవం ఆవిరి కావాలంటే దానికి వేడి కావాలి, ఆ వేడిని పక్కనున్న దాని నుంచి లాక్కుంటుంది. కారు ఏసీలో ఉన్న కిటుకంతా ఇదే. కాకపోతే కుండలో నీటి ఆవిరి గాలిలో కలిసిపోతుంది. ఇక్కడ ఆ ఆవిరిని పోనివ్వకుండా పట్టుకుని, మళ్ళీ ద్రవంగా మార్చి, మళ్ళీ మళ్ళీ వాడుకుంటాం.

ఆ పట్టుకునే పని కంప్రెషర్‌ది. ఇంజిన్ దాన్ని బెల్టుతో తిప్పుతుంది. ఏసీ బటన్ నొక్కగానే కంప్రెషర్ ముందున్న మాగ్నెటిక్ క్లచ్ "టక్" మని అతుక్కుంటుంది. అది వచ్చిన ఆవిరిని నొక్కి, ఒత్తిడి పెంచి, రేడియేటర్ ముందున్న కండెన్సర్‌లోకి పంపుతుంది. మన మే నెల ఎండలో అక్కడి ఒత్తిడి 250 పౌండ్లకు చేరుతుంది. ఆ ఒత్తిడిలో గ్యాసు అరవై డిగ్రీలు దాటిన వేడి దగ్గరే ద్రవంగా మారిపోతుంది. కాబట్టి బయట 42 డిగ్రీల వడగాలి కొడుతున్నా, గ్యాసుకు అది చల్లగాలే! తన వేడిని దానికి ఇచ్చేసి ద్రవమవుతుంది. అక్కడి నుంచి డ్రయ్యర్ బాటిల్ గుండా వెళ్ళి తడినీ, నలుసులనూ వదిలించుకుని, ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోని సన్నటి రంధ్రం గుండా డ్యాష్‌బోర్డు వెనకనున్న కూలింగ్ కాయిల్‌లోకి చిమ్ముకుంటుంది. అక్కడ ఒత్తిడి ఒక్కసారిగా 30 పౌండ్లకు పడిపోతుంది. ఆ ఒత్తిడిలో గ్యాసు సున్నా డిగ్రీలకు కాస్త పైనే మరిగి ఆవిరవుతుంది. ఆవిరవుతూ, ఫ్యాను తోసే గాలిలోని వేడిని లాక్కుంటుంది. ఆవిరి మళ్ళీ కంప్రెషర్‌కు పోతుంది. గ్యాసుతో పాటు కొంచెం నూనె కూడా ఈ చుట్టు అంతా తిరుగుతుంది. కంప్రెషర్‌కు అదే ప్రాణం. ఈ నూనె సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఇప్పుడు మేము చేసిన ఒక తప్పు చెబుతాం. సంచికలో రాయాలా వద్దా అని ఇద్దరం చాలాసేపు అనుకున్నాం.

2009 మే నెలలో మన హాస్టల్ సీనియర్ అన్న ఒకరు, ఉపాధ్యాయుడు, తన మారుతి 800 తీసుకుని మా దగ్గరకు వచ్చాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఏసీ మోడల్. వాళ్ళ నాన్నగారికి కిడ్నీలు పాడై, వారానికి రెండుసార్లు గుంటూరులో డయాలసిస్ చేయించేవారు. డయాలసిస్ అయ్యాక మనిషి ఎంత నీరసంగా ఉంటాడో చూసినవాళ్ళకు తెలుస్తుంది. నలభై డిగ్రీల ఎండలో బస్సులో కూర్చోబెట్టి తీసుకురాలేక, జీతం మీద అప్పు తీసుకుని ఆ కారు కొన్నాడు. అంతకుముందే ఆ వేసవిలో వేరే చోట రెండుసార్లు గ్యాసు కొట్టించాడు. మూడోసారి "మనవాళ్ళు" అని మా దగ్గరకు వచ్చాడు. ఆ రోజు షెడ్డులో ఆరు కార్లున్నాయి. మేమూ అదే చేశాం. గేజులు తగిలించి, గ్యాసు కొట్టి, చల్లగాలి రాగానే పంపించేశాం.

పన్నెండు రోజులకు కంప్రెషర్ బిగుసుకుపోయింది. చిల్లులోంచి గ్యాసుతో పాటు నూనె కూడా పోతుంది. ఉన్న కొద్దిపాటి నూనె కూడా, గ్యాసు తక్కువైతే తిరిగి కంప్రెషర్‌కు చేరదు. ఇలా జరగకుండా పైపు మీద ఒక ప్రెషర్ స్విచ్ ఉంటుంది. గ్యాసు బాగా తగ్గితే అది క్లచ్‌కు కరెంటు ఆపేస్తుంది. ఆ కారులో ఎవరో ఆ స్విచ్ పీకేసి, రెండు వైర్లూ కలిపి టేపు చుట్టేశారు. మా భాషలో దాన్ని "డైరెక్ట్ చేయడం" అంటారు. మేము బానెట్ ఎత్తి కూడా ఆ టేపు చూడలేదు.

సరే, రీకండిషన్ చేసిన కంప్రెషర్ ఒకటి తెచ్చి వేశాం. అంతకంటే పెద్ద తప్పు అప్పుడే చేశాం. పాత కంప్రెషర్ అరిగి బిగుసుకున్నప్పుడు దాని ఇనప, అల్యూమినియం రజను కండెన్సర్ నిండా, పైపుల నిండా చేరుతుంది. వాటిని కడగలేదు. డ్రయ్యర్ బాటిల్ మార్చలేదు. "ఎందుకులే, అన్నకు ఖర్చు" అనుకున్నాం. నెల తిరక్కుండా ఆ రజనే రెండో కంప్రెషర్‌ను కూడా తినేసింది. అదీ డయాలసిస్ చేయించుకుని తిరిగి వస్తున్న రోజే. అద్దాలు దించుకుని, వడగాలిలో, తడి తువ్వాలు తల మీద వేసుకుని ఆ పెద్దాయన ఇల్లు చేరాడు. మర్నాడు అన్న వచ్చాడు. తిడతాడనుకున్నాం. "తమ్ముళ్ళూ, ఈసారి తొందర లేదు, రెండు రోజులు ఉంచుకుని మొత్తం చూడండి" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ రెండు రోజుల్లో మేము చేసిన పనినే ఇప్పుడు వరసగా చెబుతాం. ఏ పాత కారుకైనా ఇదే వరస.

గేజులు ముట్టుకోకముందు కళ్ళతో చూడాలి. కండెన్సర్‌కు, రేడియేటర్‌కు మధ్య దుమ్ము, పురుగులు, ఎండుటాకులు పేరుకుని ఉంటాయి. పైనుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. మధ్యలో లైటు వేసి చూస్తే తెలుస్తుంది. వేడి బయటకు పోకపోతే లోపల చల్లదనం రాదు. రోడ్డు మీద పోతుంటే చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగగానే వేడిగాలి వస్తుంటే ముందు కండెన్సర్ ఫ్యాను తిరుగుతోందో లేదో చూడండి. ఫ్యూజు, రిలే, క్లచ్ వైరు, ఇవన్నీ పైసా ఖర్చు లేకుండా చూడదగ్గవి. ఇంకొకటుంది. పాత కార్లలో హీటర్ తిప్పే కేబుల్ తుప్పుపట్టి సగంలో ఆగిపోతుంది. ఒక పక్క ఏసీ చల్లబరుస్తుంటే మరో పక్క ఇంజిన్ వేడినీళ్ళు అదే గాలిని వేడి చేస్తుంటాయి. ఏసీలో ఏ లోపమూ లేకపోయినా గ్యాసు కొట్టించుకున్నవాళ్ళను చూశాం. ముందు సీటు కాళ్ళ దగ్గర చాప తడుస్తోందంటే, అది కూలింగ్ కాయిల్ నీళ్ళు పోయే గొట్టం మూసుకుపోవడం. సన్నటి తీగతో పొడిస్తే సరిపోతుంది. దానికి డబ్బు అడగడానికి మాకే సిగ్గు.

తర్వాత చిల్లు. గ్యాసు కనపడదు, కానీ దానితో వచ్చే నూనె కనపడుతుంది. అతుకుల దగ్గర, పైపు నొక్కిన చోట, కంప్రెషర్ షాఫ్టు సీలు దగ్గర నూనె జిడ్డు మీద దుమ్ము అంటుకుని నల్లగా మరక కడుతుంది. ఆ మరకే గుర్తు. తర్వాత పైపులన్నిటిలోకి పొడి నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నురగ రాసి బుడగల కోసం చూడాలి. సైకిలు ట్యూబును తొట్టెలో ముంచడం లాంటిదే. నైట్రోజన్ బదులు వెల్డింగు షాపులోని ఆక్సిజన్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు నూనె తగిలితే పేలుతుంది. గాలి కంప్రెషర్‌తో గాలి నింపడం కూడా వద్దు, గాలితో పాటు తడి పోతుంది.

అన్న కారులో బానెట్ కింద ఎక్కడా బుడగ రాలేదు. నైట్రోజన్ ఎక్కించి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి ముల్లు దిగి ఉంది. చివరికి డ్యాష్‌బోర్డు కింద పెట్టె విప్పి కూలింగ్ కాయిల్ బయటకు తీసి నీళ్ళలో ముంచితే, మూలన సూదిమొన అంత చిల్లు నుంచి సన్నగా బుడగలు వచ్చాయి. ఏళ్ళ తరబడి ఆకులు, దుమ్ము తడిసి అక్కడే కుళ్ళి అల్యూమినియంను తినేశాయి. మూడుసార్లు కొట్టిన గ్యాసు ఆ చిల్లులోంచే, కారు లోపలికే, ఆ పెద్దాయన కూర్చున్న చోటికే పోయింది.

కాయిల్ మార్చాం. పైపులు, కండెన్సర్ కడిగాం. ఎక్స్‌పాన్షన్ వాల్వ్, డ్రయ్యర్, రబ్బరు రింగులన్నీ కొత్తవి వేశాం. తెంపేసిన ప్రెషర్ స్విచ్ స్థానంలో కొత్తది పెట్టాం. మూడో కంప్రెషర్ డబ్బులు అన్న దగ్గర తీసుకోలేదు. విడిభాగాల కొట్టుకు నాలుగు నెలలు వాయిదాల్లో కట్టుకున్నాం.

గ్యాసు నింపే ముందు వాక్యూం పెట్టాలి. తొందరలో చాలామంది వదిలేసేది ఇదే. పైపులు విప్పినప్పుడు లోపలికి గాలి, దానితో తడి చేరుతుంది. వాక్యూం పంపుతో 29 అంగుళాల దాకా లాగితే ఆ ఒత్తిడిలో నీళ్ళు 25 డిగ్రీలకే మరిగి ఆవిరై బయటకు పోతాయి. కనీసం ముప్పావుగంట లాగాలి. తర్వాత పంపు ఆపి, టీ తాగి వచ్చి ముల్లు కదలలేదని చూసుకోవాలి. తడి మిగిలిపోతే ఏమవుతుంది? ఏసీ ఇరవై నిమిషాలు బ్రహ్మాండంగా పని చేసి ఆగిపోతుంది. కాసేపు ఆపి మళ్ళీ వేస్తే మళ్ళీ చల్లగా వస్తుంది. వాల్వ్ సన్నటి రంధ్రంలో ఆ తడి ఐసుముక్కగా మారి అడ్డుపడటం, కరగడం. ఈ రోగం తెలియక కంప్రెషర్లు మార్చినవాళ్ళున్నారు. పైగా ఆ తడి గ్యాసుతో, నూనెతో కలిసి ఆమ్లమై లోపలి లోహాన్ని తింటుంది.

గ్యాసు ఎంత నింపాలి? గేజు చూసి చెప్పలేం. మన హాస్టల్ వంటగదిలో సిలిండర్ అయిపోవచ్చిందో లేదో వంటమాస్టారు ఎలా చూసేవాడు? ఎత్తి చూసేవాడు. నిండు సిలిండర్‌లోనూ, అడుగున కాస్త ద్రవం మిగిలిన సిలిండర్‌లోనూ ఒత్తిడి ఒకటే. ఏసీ గ్యాసూ అంతే. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 30 డిగ్రీల వేడిలో ఆర్-134ఎ సుమారు 95 పౌండ్లు చూపిస్తుంది, లోపల ఎంత ఉన్నా సరే. అందుకే కొత్తగా నింపేటప్పుడు సిలిండర్‌ను తూకం మీద పెట్టి, బానెట్ కింది స్టిక్కర్ మీద రాసినన్ని గ్రాములు నింపాలి. చిన్న కార్లకు అది అర కిలో అటూ ఇటూ. ఎక్కువ కొడితే ఎక్కువ చల్లగా ఉంటుందనుకోవడం భ్రమ. కండెన్సర్‌లో ద్రవం నిండిపోయి ఒత్తిడి పెరుగుతుంది, చల్లదనం తగ్గుతుంది, 796 సీసీ ఇంజిన్ ఫ్లైఓవర్ ఎక్కలేక మూలుగుతుంది. ఇంజిన్ నడుస్తుండగా ఎర్ర గేజు వైపు వాల్వ్ తెరిచి నింపకూడదు. ఆ ఒత్తిడి వెనక్కి తన్ని చేతిలోని డబ్బా పగులుతుంది. ద్రవం చర్మం మీద పడితే ఐసు కాలినట్టు కాలుతుంది. కళ్ళద్దాలు, చేతి తొడుగులు లేకుండా మా షెడ్డులో ఇప్పుడు ఎవరినీ ముట్టుకోనివ్వం.

గ్యాసుల పేర్లు కూడా తెలుసుకోవాలి. మా గురువుగారి కాలంలో కార్లలో ఆర్-12 ఉండేది. లీకు వెతకడానికి ఆయన రాగి రేకు అమర్చిన చిన్న దీపం వాడేవారు. ఆర్-12 తగిలితే మంట ఆకుపచ్చగా మారేది. అందులోని క్లోరిన్ వల్ల ఆ రంగు వస్తుంది. ఆ క్లోరినే పైన ఓజోన్ పొరను తింటోందని మోలినా, రోలాండ్ అనే శాస్త్రవేత్తలు 1974లో చెప్పారు. 1995లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. 1987 మాంట్రియల్ ఒప్పందంతో ప్రపంచమంతా దాన్ని మానుకోవడం మొదలైంది. మన దేశంలో 2008లో ఆ తయారీ ఆగింది. దాని స్థానంలో వచ్చిన ఆర్-134ఎలో క్లోరిన్ లేదు. కాబట్టి గురువుగారి దీపం మాకు పనికి రాలేదు, ఆయన గుర్తుగా గోడకు తగిలించుకున్నాం. అయితే ఈ కొత్త గ్యాసు భూమిని వేడెక్కిస్తుంది. వందేళ్ళ లెక్కన ఒక కిలో ఆర్-134ఎ, 1430 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం. అంటే అర కిలో గ్యాసు గాలిలోకి వదలడమంటే సుమారు 300 లీటర్ల పెట్రోలు తగలబెట్టినట్టే. 2016లో కిగాలీలో దీన్ని కూడా తగ్గించాలని ఒప్పందం కుదిరింది, మన దేశం 2021లో ఆమోదించింది. గ్యాసును గాలిలోకి వదిలేయకుండా రికవరీ మెషిన్‌తో సిలిండర్‌లోకి పట్టి మళ్ళీ వాడుకోవాలి.

ఆర్-12 కారు ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే, అందులో నేరుగా ఆర్-134ఎ కొట్టకండి. పాత కారులోని మినరల్ నూనె కొత్త గ్యాసుతో కలవదు. గ్యాసు తిరుగుతుంది, నూనె మూలల్లో ఉండిపోతుంది, కంప్రెషర్ ఎండిపోతుంది. నూనె మొత్తం తీసి, కడిగి, డ్రయ్యర్, రింగులు మార్చి, కొత్త రకం నూనె పోశాకే నింపాలి.

చౌకగా వస్తుందని వంటగ్యాసు రకం గ్యాసులు కొట్టేవాళ్ళున్నారు. చల్లదనం వస్తుంది, నిజంగానే వస్తుంది, అందుకే జనం నమ్ముతారు. కానీ అన్న కారులో చిల్లు ఎక్కడ ఉందో గుర్తు చేసుకోండి. ఆ గ్యాసు గాలి కంటే బరువు, అద్దాలు మూసిన కారులో కాళ్ళ దగ్గర పేరుకుంటుంది. ఒక్క అగ్గిపుల్ల చాలు. మా దగ్గరకు అలాంటి కారు వస్తే షెడ్డు బయట, గాలి ఆడే చోట పెట్టి, ముందు బ్యాటరీ తీగ తీసేస్తాం.

చలికాలంలో కూడా వారానికి ఒకసారి పది నిమిషాలు ఏసీ వేయండి. నూనె తిరిగి షాఫ్టు సీలు ఎండిపోకుండా ఉంటుంది. దసరా నుంచి శివరాత్రి దాకా ముట్టుకోని ఏసీలే ఎండలు మొదలవగానే మా షెడ్డుకు వరసకడతాయి.

ఈ ట్రేడ్‌లో చేరాలనుకునే తమ్ముళ్ళు సామాన్లకు ఎంతవుతుందని ఫోన్ చేసి అడుగుతున్నారు. గేజుల సెట్టు, వాక్యూం పంపు, స్పానర్లు, తూకం కావాలి. నైట్రోజన్ సిలిండర్ మొదట్లో అద్దెకు తెచ్చుకోవచ్చు. రికవరీ మెషిన్ ఖరీదు, ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కోవచ్చు. అన్నీ ఒకేసారి కొనలేకపోతే ముందు తూకం, వాక్యూం పంపు కొనండి. మేము వాటిని ఆఖరున, 2009 వేసవి అయిపోయాక కొన్నాం.

(ఇద్దరు పూర్వ విద్యార్థులు, కార్ ఏసీ మెకానిక్‌లు)